అమ్మ బీపీకి కొలతలు

టేపు చేతిలోకి తీసుకోగానే మనిషి మారిపోతుంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నా నాకిది వింతే. అప్పటిదాకా హాయిగా కబుర్లు చెబుతున్న ఆడమనిషి, నడుముకు టేపు చుట్టగానే పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి, భుజాలు పైకెత్తి నిలబడుతుంది. ఆ కొలతతో జాకెట్టు కుట్టానా, మర్నాడు పొద్దున్నే "బిగుతైపోయిందండీ" అంటూ పట్టుకొస్తుంది. అందుకే ముందు నాలుగు మాటలు మాట్లాడి, మనిషి మామూలుగా అయ్యాకే టేపు ముట్టుకుంటాను. ప్రత్తిపాడులో నా కుట్టు కొట్టు ఇన్నాళ్ళు నిలబడిందంటే ఆ ఓపిక వల్లేనని నా నమ్మకం. నాకు ఓపిక ఉందంటే మా ఇంట్లో మాత్రం పడీపడీ నవ్వుతారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈమధ్య మా అమ్మ కంటిచూపు ఒక కొలత మీద ఆగిపోయింది.

అమ్మకు డెబ్బై దాటాయి. రెండు కళ్ళలోనూ శుక్లాలు, కుడికన్ను మరీ ముదిరింది. వయసులో ఉన్నన్నాళ్ళూ మిరప చేలల్లో పనిచేసింది. ఊరికే పనిచేయడం కాదు, ఆడ కూలీల ముఠాకు పెద్ద. ఈ చేలో నిలబడి ఆమె కేకేస్తే పక్క చేలో వాళ్ళు కూడా నడుమెత్తి చూసేవాళ్ళట. మోకాళ్ళు అరిగాక నా దగ్గరే ఉంటూ, నేను కుట్టిన జాకెట్లకు హుక్కులు, కాజాలు కుట్టి పెట్టేది. పోయిన ఏడాది నుంచి ఆ హుక్కులు ఒకటి పైకి, ఒకటి పక్కకి చూడటం మొదలుపెట్టాయి. ఒక టీచరమ్మ వచ్చి, "హుక్కు ఎక్కడుందో వెతుక్కుని పెట్టుకోవాల్సొస్తోందండీ" అని నవ్వేసి వెళ్ళిపోయింది. అమ్మ విన్నది. ఆ రోజు నుంచి సూది ముట్టలేదు. ఆదివారం చర్చిలో కీర్తన ఎత్తుకోవడం కూడా మానేసింది, పుస్తకం కనపడనప్పుడు ఎందుకంటూ. గోడకు చేరగిలబడి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చునేది. ఇంట్లో కేకలు తగ్గిపోయాయి. మా అమ్మ కేకలేయకపోతే నాకు చెప్పలేనంత భయం వేసింది.

గుంటూరులో కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పరీక్షలన్నీ అయ్యాయి, చివర్లో బీపీ చూసిన నర్సమ్మ తల అడ్డంగా ఊపింది. నూట ఎనభై ఆరు. తగ్గాక తీసుకురండి అన్నారు. మా వీధి చివర మందులిచ్చే ఆయన మాత్ర మోతాదు పెంచాడు. కొన్నాళ్ళాగి మళ్ళీ వెళ్ళాం. ఈసారి నూట తొంభై! పెంచి మాత్రలు మింగితే పెరగడమేమిటి? నేను అక్కడే గొంతు లేపాను. "ఇంత బీపీతో కత్తి పెడితే కంట్లో రక్తం కారితే ఎవరండీ బాధ్యులు? మీ అమ్మగారి మంచికే చెబుతున్నాం" అంది నర్సమ్మ. న్యాయమైన మాటే. న్యాయమైన మాట వింటే నాకు ఇంకాస్త కోపం వస్తుంది.

బస్సులో అమ్మ నన్నే తిట్టింది.

"నాకు బీపీ ఏందే? ఆడ అరిసింది నువ్వు. కోపం నీకు, మాత్రలు నాకా?"

మా వైపు బీపీ అంటే కోపమే. "వాడికి బీపీ లేచింది" అంటే చెయ్యి చేసుకునేట్టున్నాడని అర్థం. అమ్మ దృష్టిలో, కోపం రాని మనిషికి బీపీ ఉందనడం నిందవేయడంతో సమానం. ఆ లెక్కన చూస్తే ఆమె అన్నది నిజమే, మా ఇంట్లో బీపీ నాకే ఉండాలి.

మళ్ళీ మోతాదు పెరిగింది. ఆ వారంలోనే ఒక పొద్దున అమ్మ చాప మీద నుంచి లేచి, రెండడుగులు వేసి, తూలి, నా కుట్టుమిషను చక్రం పట్టుకుని ఆగింది. పట్టుకోకపోతే గడప మీద పడేది. మొహం తెల్లబడిపోయింది. "ఏం లేదులే, తల తిరిగింది" అంది. ఆసుపత్రిలో నూట తొంభై ఉన్న మనిషికి ఇంట్లో నిలబడితే కళ్ళు తిరగడమేమిటి? రెంటికీ పొత్తు కుదరడం లేదు. ఎక్కడో కొలత తప్పింది! కుట్టిన జాకెట్టు ఒంటికి సరిపోకపోతే నేను ముందు అనుమానించేది టేపు పట్టిన చేతినే. అనుకున్నదే తడవుగా చెప్పులు వేసుకుని మెడికల్ షాపుకు పరిగెత్తాను, బీపీ మిషను కొనుక్కొచ్చాను.

అబ్బ, ఆ మొదటి రోజులు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఉత్సాహమే! కత్తిరించిన జాకెట్లు కత్తిరించినట్టే ఉండిపోయాయి. మొదటిసారి అమ్మను మంచం మీద కూర్చోబెట్టి పట్టీ చుట్టి మీట నొక్కాను. నూట డెబ్బై రెండు. కాసేపాగి నొక్కితే నూట యాభై ఎనిమిది. ఇంకోసారి నూట అరవై ఆరు. ఒకే మనిషి, ఒకే చెయ్యి, ఒకే మంచం! మిషను పాడయిందని దాన్ని చంకలో పెట్టుకుని మళ్ళీ షాపుకు పోయాను. షాపులో అమ్మాయి నా చేతికి కట్టి చూపించి, "మిషను బాగానే ఉందండీ. డబ్బాలో కాగితం ఉంటది, చదివారా?" అంది. చదవలేదు. ఏ వస్తువు కొన్నా డబ్బాలో కాగితం నేను చదవను. ఇంటికొచ్చి ఆ రోజు చదివాను.

కాళ్ళు వేలాడకూడదట, నేలకు ఆనాలట. అమ్మ కాళ్ళు మంచం మీద నుంచి ఎప్పుడూ ఊగుతూనే ఉంటాయి. వీపు దేనికైనా ఆనించాలట. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలట, ఒళ్ళో కాదు. ఉప్పూ కారం తిన్నారా అని అడగలేదు గానీ, కాఫీ తాగిన వెంటనే చూడొద్దు అంది కాగితం. అన్నిటికంటే ముందు, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. కొలుస్తున్నంతసేపూ మాట్లాడకూడదు.

చివరి నియమం దగ్గర మా ఇద్దరి ప్రాణాలూ పోయాయి. మా కొట్టు రోడ్డు మీద ఉంటుంది. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ అమ్మను పలకరించకుండా దాటరు. పలకరిస్తే పలకకపోవడం అమ్మకు చేతకాదు.

"ఏం పెద్దమ్మా, బాగుండావా?"

"ఆఁ, బాగుండా. మీ కోడలు నీళ్ళాడిందా? ఏం బిడ్డ?"

మిషను మీద అంకెలు పైకి ఎగబాకుతున్నాయి! కోడలికి మగపిల్లాడని తెలిసేసరికి నూట డెబ్బై నాలుగు. మాటలే అంకె పెంచుతున్నాయని తెలిసి ఎగిరి గంతేశాను. వెంటనే తలుపు వేసి, నోరు మూయించి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చూస్తే నూట యాభై మూడు. ఒక్క బాలింత కబురు ఎంత పోటు పెంచింది! మర్నాడు ఒక అట్టముక్క మీద "లోపల బీపీ చూస్తున్నారు, పలకరించవద్దు" అని రాసి తలుపుకు వేలాడదీశాను. అది చదివిన ప్రతివాళ్ళూ తలుపు తోసుకుని లోపలికొచ్చి, "అయ్యో, ఎవరికండీ బీపీ?" అని అడగడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికల్లా అట్ట పీకేశాను.

తర్వాత పట్టీ సంగతి తేలింది. దాని అంచున ఇరవైరెండు నుంచి ముప్పైరెండు సెంటీమీటర్ల చేతికి అని అచ్చేసి ఉంది. టేపు మెడలోనే ఉందిగా, అమ్మ చెయ్యి కొలిచాను. ముప్పై అయిదు! మిరపకాయల టిక్కీలు, అవే బస్తాలు, ఎత్తి ఎత్తి గట్టిపడిన చెయ్యి, ఈ వయసులోనూ అంత ఉంది. ఆమె జాకెట్టుకు చేతి లూజు నేనే ఎన్నిసార్లు వదిలి కుట్టానో! చిన్న జాకెట్టులో పెద్ద చెయ్యి దూర్చినట్టు, ఆ చిన్న పట్టీలో ఈ చేతిని ఇరికించి, అంకె ఎక్కువొస్తోందని గుండెలు బాదుకుంటున్నాం. మళ్ళీ షాపుకు పరుగు. ఆ అమ్మాయి నన్ను చూడగానే నవ్వు ఆపుకుంది. పెద్ద పట్టీ తెప్పించింది. దానితో చూస్తే నూట నలభై దాటడమే లేదు. ఒకటికి రెండుసార్లు చూడటం, రెండూ దగ్గరగా ఉంటేనే నమ్మడం అలవాటు చేసుకున్నాను. రెండు చేతులకూ చూశాను, ఏ చేతికి కాస్త ఎక్కువొస్తే ఇక ఆ చేతికే. కొట్టుకొచ్చిన ఆడవాళ్ళందరికీ ఈ ముచ్చట్లే. జాకెట్టు కొలతకొచ్చినవాళ్ళకు బీపీ కూడా చూసి పంపించాను.

"నీకు పిచ్చి పట్టిందే" అంది అమ్మ.

"పట్టనీ. నీకు కళ్ళొస్తాయి."

"వత్తే మంచిదే. ముందు ఆ పట్టీ ఊడబీకు."

ఇంత తేలాక ఆ పెంచిన మాత్ర మానిపించేద్దామని చెయ్యి లాగింది. కానీ మాత్రల జోలికి పోవడానికి ధైర్యం చాల్లేదు. మా ఊళ్ళో ఆసుపత్రి పెట్టుకున్న డాక్టరుగారి దగ్గరకు మిషనుతో సహా వెళ్ళాను. మిషను తనలో దాచిపెట్టుకున్న పాత అంకెలన్నీ ఆయన మీట నొక్కుతూ చూశారు. తర్వాత అమ్మను బల్ల మీద పడుకోబెట్టి ఊరుకున్నారు. నేను ఏదో చెప్పబోతే వేలు అడ్డం పెట్టారు. పడుకుని ఉండగా నూట ముప్పై. "ఇప్పుడు లేచి నిలబడండమ్మా" అన్నారు. అమ్మ లేచింది, నేను రెక్క పట్టుకున్నాను. నిలబడిన కాసేపటికి చూస్తే నూట రెండు!

నిలబెట్టి కూడా చూడాలని నాకు తట్టనే లేదు.

"ఇదమ్మా ఆ తల తిరగడం" అన్నారు డాక్టరుగారు. "పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ఒకసారి చూసి వదిలేస్తే సగమే తెలుస్తుంది. లేవగానే ఎంత పడిపోతోందో చూడాలి. పోటు నిజంగా ఎక్కువుంటే మందులు వేయకపోవడం ప్రమాదం. లేనిది ఉందనుకుని మోతాదు పెంచుకుంటూ పోతే అదీ ప్రమాదమే. ఈ వయసులో కిందపడితే తుంటి ఎముక విరుగుతుంది, మళ్ళీ నడిపించడం చాలా కష్టం."

బీపీ ఉందన్న మాట మాత్రం నిజమేనన్నారు. మాత్ర మానకూడదు, పాత మోతాదుకు తగ్గిద్దాం అన్నారు. లేచేటప్పుడు ముందు మంచం మీద కాసేపు కూర్చుని లేవమన్నారు. కొన్నాళ్ళు అలాగే చూశాక నిలబడితే తూలడం పోయింది, కూర్చుంటే అంకె నూట నలభై లోపే ఉంటోంది. "ఇక కంటికి తీసుకెళ్ళండి" అన్నారు. ఆ మాట విన్నప్పుడు నేను ఆయన ఎదురుగానే చప్పట్లు కొట్టాను.

ఈసారి యుద్ధానికి వెళ్తున్నట్టే వెళ్ళాం. ముందురోజు అమ్మకు కొత్త జాకెట్టు కుట్టాను. మామూలుది కాదు! రెండు చేతులూ భుజం నుంచి కిందిదాకా తెరుచుకునేట్టు టిచ్‌బటన్లు పెట్టాను. బిగుతు చేతిని పైకి దోపితే అదే తాడులా నొక్కుతుంది, గుడ్డ మీద పట్టీ చుట్టినా సరైన అంకె రాదు. ఇక ఆ బాధ లేదు, టప్ టప్ మని తీస్తే చెయ్యి బయటికొస్తుంది. నా జీవితంలో అంత తెలివైన జాకెట్టు కుట్టలేదు. పెద్ద పట్టీ సంచిలో పెట్టుకున్నాను. మిరపకాయల కాలం, గుంటూరు రోడ్డంతా టిక్కీల లారీలు, బస్సులో అందరూ తుమ్ములే. దిగగానే అమ్మను ముందు బాత్‌రూముకు లాక్కెళ్ళాను. కొత్త చోట వెళ్ళడం ఆమెకు నచ్చదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపుకుంటుంది. అలా ఆపుకున్నా పోటు పెరుగుతుంది. ఈ ఒక్కమాట ఒప్పించడానికి ఆసుపత్రి గుమ్మంలో పెద్ద రగడే అయింది.

"ఊళ్ళో అందరికీ జెప్పవే, మీ అమ్మ ఎప్పుడు పోయిందో!"

"చెప్తా. ముందు వెళ్ళు."

ఆపరేషన్లకు వచ్చినవాళ్ళు ఒక వరసలో బెంచీల మీద కూర్చున్నారు, అందరూ ముసలివాళ్ళే. మొదటి బల్ల దగ్గర రక్తం తీస్తారు, అక్కడి నుంచి పక్క బల్ల దగ్గర బీపీ. అమ్మ ఎడమచేతి నుంచి రక్తం తీశారు. తర్వాత బీపీ నర్సమ్మ, క్రితంసారి నాతో మాటపడిన ఆ అమ్మాయే, నేను పెద్ద పట్టీ చూపిస్తే, "మా దగ్గరా ఉందాంటీ" అంటూ సొరుగులోంచి తీసింది. నా టిచ్‌బటన్లు చూసి, "భలే ఉందే!" అంది. అమ్మ కుర్చీలో వీపు ఆనించి, కాళ్ళు నేలకు ఆనించి, కుడిచెయ్యి బల్ల మీద పెట్టి కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు. ఐదు నిమిషాలు అలాగే ఉన్నాం. మీట నొక్కారు.

నూట డెబ్బై ఎనిమిది.

వెంటనే కోపం లేచింది. "కాదు! అబద్ధం! మీ మిషను తప్పు!" అని అరిచాను. హాలంతా మా వైపు తిరిగింది. నర్సమ్మ ఓపిగ్గా ఇంకోసారి చూసింది. నూట డెబ్బై ఆరు. "ఇక్కడికొస్తే భయమేమో ఆంటీ, చాలామందికి అంతే" అంది. భయమా? మా అమ్మకా? చేలో పాము కనపడితే పక్కకి తప్పుకోమని దాన్నే తిట్టిన మనిషి. మూడోసారి కూడా వెనక్కి పంపిస్తారని నాకు అర్థమైపోయింది. ఇంకో ఏడాది అలా గోడకు ఆనుకుని కూర్చుంటుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మొహం దాచుకోవడానికి తల దించి, అమ్మ జాకెట్టు వైపు చూస్తూ నిలబడ్డాను.

ఎడమ భుజం దగ్గర ముడతలు!

నేను కుట్టిన జాకెట్టు భుజం దగ్గర ముడత పడదు. ఒంటికి అతికినట్టు కూర్చుంది, పొద్దున నా కళ్ళతో చూశాను. భుజం బిగబట్టి పైకెత్తితేనే అలా ముడతలు పడతాయి. పట్టీ ఉన్నది కుడిచేతికి కదా, ఎడమవైపు ఎందుకు బిగించింది? పైట కొంగు పక్కకు తీశాను. కొంగు కింద అమ్మ ఎడమచెయ్యి మోచేతి దగ్గర గట్టిగా మడిచి ఉంది. మడతలో రక్తం తీసినప్పుడు పెట్టిన దూది. పిడికిలి ఎంత గట్టిగా బిగించిందంటే, వేళ్ళ కణుపులు తెల్లగా పాలిపోయాయి.

"అమ్మా! ఏంటమ్మా ఆ పిడికిలి?"

అమ్మ నోరు విప్పలేదు. మాట్లాడొద్దన్నాను కదా! "ఇప్పుడు మాట్లాడు!" అని అరిచాను.

"ఆ రక్తం దీసిన పిల్లే గదా పిడికిలి బిగించమంది? దూది పెట్టి, మడిచి పట్టుకోమంది. పట్టుకున్నా. వదలమని ఎవురన్నా చెప్పారా?"

"కిందటిసారీ ఇట్టాగే పట్టుకున్నావా?"

"మరి? రెండుసార్లూ పట్టుకునే ఉండా. చేతులు పడిపోయినై."

నర్సమ్మ, నేను ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. అమ్మకు మా అజ్ఞానం మీద చిరాకేసింది. కల్లంలో మిరపకాయలు ఎండబోసినప్పుడు వాన ముంచుకొస్తే, ముఠా అంతా పరిగెత్తి పట్టా కప్పుతారు. గాలికి పట్టా ఎగరకుండా తలొక కొసా పట్టుకుని నిలబడాలి. ముఠా పెద్ద "వదలండి" అనేదాకా ఎవరూ వదలకూడదు. ఒక్కరు ముందుగా వదిలినా గాలి పట్టాను ఎగరేస్తుంది, కాయంతా తడిసి, రంగుపోయి తాలైపోతుంది. వేళ్ళు తెగినా పట్టుకుని ఉండేవాళ్ళట. అదీ ఆమె పద్ధతి. పట్టుకోమన్నవాళ్ళు వదలమనకపోతే తప్పు పట్టుకున్నవాళ్ళది కాదు.

నర్సమ్మ ఫక్కున నవ్వేసింది. "మామ్మా, తప్పు మాదే! దూది రెండు నిమిషాలు పట్టుకుంటే చాలు. ఒక చేత్తో అంత గట్టిగా బిగిస్తే రెండో చేతిలోనూ పోటు పెరుగుతుంది." నవ్వుతూనే ఆమె చూపు బెంచీల మీదికి పోయింది. నా చూపూ పోయింది. రక్తం ఇచ్చి బీపీ కోసం ఎదురుచూస్తున్న ముసలివాళ్ళలో సగంమంది మోచెయ్యి మడిచి, పిడికిలి బిగించి, పళ్ళు కరుచుకుని కూర్చుని ఉన్నారు! తలగుడ్డ చుట్టుకున్న ఒక పెద్దాయన, మార్టూరు నుంచి వచ్చాడట, "వదిలితే రక్తం బొటబొటా కారుద్దేమోనని" అన్నాడు. మా ఊళ్ళవాళ్ళంతా పంటను పట్టా కింద కాపాడుకున్నవాళ్ళే మరి. ఒకళ్ళూ వదల్లేదు.

అమ్మ కుర్చీలో నుంచి లేవబోయింది. నేను ఆపాను, ముందు కాసేపు నిటారుగా కూర్చోబెట్టి లేపాను. ఆమె నడుము మీద చెయ్యి వేసుకుని, బెంచీల వైపు తిరిగి, ఏడాదిగా నేను వినని గొంతుతో కేకేసింది.

"వదలండర్రా! వాన ఎలిసింది!"

వరసంతా పిడికిళ్ళు విప్పారు. కొందరు నవ్వారు, కొందరు వేళ్ళు విదిలించుకున్నారు. పక్క గదిలోంచి డాక్టరమ్మ తల బయటపెట్టి చూసింది. నర్సమ్మ విషయం చెప్పింది. ఆమె నవ్వలేదు. బల్లల దగ్గరికొచ్చి, బీపీ ముందు, రక్తం తర్వాత అని అప్పటికప్పుడే మార్పించింది. ఇవాళ బీపీ ఎక్కువుందని పక్కన కూర్చోబెట్టిన వాళ్ళందరికీ విశ్రాంతి ఇచ్చి మళ్ళీ చూడమంది. అమ్మను మళ్ళీ కూర్చోబెట్టారు. రెండు చేతులూ వదులుగా, వేళ్ళు విప్పి, అరచేతులు పైకి. నేను హాలు చివరికి వెళ్ళిపోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాను, నా ఊపిరి చప్పుడు కూడా అక్కడ వినపడకూడదని.

"ఆంటీ! నూట నలభై!"

నేను పరిగెత్తుకుంటూ వచ్చాను. మళ్ళీ చూడమన్నాను. నూట ముప్పై ఎనిమిది. డాక్టరమ్మ స్వయంగా చూసింది, నిలబెట్టి కూడా చూసింది, తల ఊపింది. "ఇవాళే చేసేద్దాం" అంది. దేవునికి స్తోత్రం అని నేను పైకే అన్నాను, ఎవరేమనుకున్నా సరే. ఆ నర్సమ్మను పట్టుకుని ముద్దు పెట్టుకున్నంత పని చేశాను. క్రితంసారి నేనన్న మాటలన్నీ ఆమె మర్చిపోయినట్టే ఉంది, లేదా మర్యాద కొద్దీ మర్చిపోయినట్టు నటించింది.

మధ్యాహ్నం కుడికంటికి ఆపరేషన్ అయింది. రాత్రి అక్కడే పడుకున్నాం. పొద్దున్న డాక్టరమ్మ వచ్చి, కంటి మీది కట్టు మెల్లగా తీసి, ఏదో లైటు వేసి చూసి, బాగుందని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. అమ్మ ఏమీ అనలేదు. కన్ను సగం తెరిచి, నీళ్ళు కారుతూ, అలాగే కూర్చుంది. కనపడుతోందో లేదో నాకు తెలియదు. అడిగితే, లేదంటుందేమోనని భయం.

ఇంతలో నర్సమ్మ మిషను పట్టుకుని వచ్చింది. అమ్మ తనంతట తానే వీపు గోడకు ఆనించింది, కాళ్ళు నేల మీద పెట్టింది, చెయ్యి దిండు మీద పెట్టింది, వేళ్ళు విప్పింది. పట్టీ బిగిసింది, మెల్లగా వదులైంది. మిషను అమ్మ వైపు తిరిగి ఉంది, అంకెలు నాకు కనపడటం లేదు. నర్సమ్మ ఇంకా వంగి చూడనేలేదు. కాటా పక్కన నిలబడి ఏళ్ళ తరబడి తూకాలు చదివిన మనిషి మా అమ్మ. తల కాస్త ముందుకు వంచింది.

"నూట... ముప్పై... ఆరు" అంది.

"అమ్మా!" గది అదిరిపోయేట్టు కేక పెట్టాను. "కనపడిందా! అమ్మా, నీకు కనపడిందా!"

అమ్మ నా వైపు తిరగను కూడా తిరగలేదు.

"నోరు ముయ్యవే, కింది అంకె ఇంకా చదవలా."